ఉలిపికట్టెలకు ఓ కరదీపిక: యుద్ధం మీద సొంత పార్టీతో పేచీ పడటం ఎలా

బ్రిటన్‌లో స్థిరపడి లేబర్ పార్టీలో చేరిన తెలుగువాళ్లు గాజా యుద్ధం మొదలైనప్పటి నుంచీ నన్ను అడిగేది ఒకటే. నాయకత్వం మాట మింగుడు పడటం లేదు, కార్డు చించి పారెయ్యాలా, నోరు మూసుకుని కూర్చోవాలా అని. ఈ రెండింటికీ మధ్య బోలెడంత చోటుంది. ఆ చోట్లో ఏమేం చెయ్యొచ్చు, దేని తర్వాత ఏది చెయ్యాలి అన్నది చెప్పడానికే ఇది రాస్తున్నాను. తూర్పు లండన్‌లో ఒక శాఖకి సెక్రటరీని నేను. పగలు మందుల షాపులో ఫార్మసిస్టుని, రాత్రి మినిట్స్ రాస్తాను. రెండోదానికి జీతం లేదు, తిట్లు మాత్రం దండిగా ఉంటాయి.

నా పక్షం ఏమిటో ముందే చెప్పేస్తాను. 2023 అక్టోబరు నెలాఖరుకే కాల్పుల విరమణ కావాలన్నవాళ్లలో నేనొకదాన్ని. కానీ కింద చెప్పేవన్నీ నాకు ఎదురు నిలబడి మాట్లాడేవాళ్లకి కూడా అంతే పనికొస్తాయి. మా శాఖలో అలాంటివాళ్లు ఉన్నారు. వాళ్లలో ఇద్దరు నాకంటే బాగా రూల్స్ చదువుకుని వస్తారు, అందుకే తరచూ నెగ్గుతారు.

"అక్కా, ఎక్కడి నుంచో వచ్చినవాళ్లం, మనకెందుకీ గొడవ" అంటుంది పక్క వీధిలో ఉండే విజయవాడ అమ్మాయి. ఇండియా పాస్‌పోర్టు మీద ఇక్కడ ఉంటున్నవాళ్లకి కూడా కామన్వెల్త్ పౌరులుగా పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. ఆ అమ్మాయికీ ఉంది. ఓటున్నవాళ్లకి గొడవ ఎలాగూ ఉంటుంది.

ముందు వాళ్లన్నదేమిటో తేదీలతో సహా రాసుకోండి

అక్టోబరు 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో దాదాపు 1,200 మంది చనిపోయారు, 250 మంది దాకా బందీలయ్యారు. 11న ఎల్‌బీసీ రేడియోలో, అప్పటికి ప్రతిపక్షంలో ఉన్న లేబర్ నాయకుడు కియర్ స్టార్మర్‌ని, గాజాకి కరెంటు, నీళ్లు ఆపెయ్యడం సబబేనా అని అడిగారు. ఇజ్రాయెల్‌కి ఆ హక్కుందని అర్థం వచ్చేలా జవాబిచ్చి, అంతా అంతర్జాతీయ చట్టానికి లోబడే జరగాలని కూడా చేర్చారు. మొదటి ముక్క మాత్రమే క్లిప్పుగా ఫోన్లన్నీ చుట్టేసింది. 20న వివరణ వచ్చింది. తానన్నది ఆత్మరక్షణ హక్కు గురించే తప్ప నీళ్లు ఆపే హక్కు గురించి కాదని. 31న విదేశీ వ్యవహారాల అధ్యయన సంస్థ చాటమ్ హౌస్‌లో ప్రసంగించి, ఇప్పుడు కాల్పుల విరమణ అడగడం సరికాదు, సాయం లోపలికి చేరేలా మానవతా విరామాలు కావాలి అన్నారు.

ఇవి మూడు వేర్వేరు మాటలు. మీ పేచీ దేనితో? రేడియో జవాబుతోనా, వివరణ ఇవ్వడానికి తొమ్మిది రోజులు పట్టడంతోనా, చాటమ్ హౌస్ విధానంతోనా? మా శాఖలో అందరూ "నాయకుడి వైఖరి" అనే అనేవాళ్లు, తీరా చూస్తే ఒక్కొక్కరి మనసులో ఒక్కో తేదీ. రేడియో జవాబు మీద కోపమైతే క్షమాపణ అడగాలి. విధానం మీదైతే విధానం మార్చమని అడగాలి. రెండూ కలిపి ఒకే తీర్మానంలో పెడితే, క్షమాపణ అక్కర్లేదనుకునేవాళ్లు విధానం దగ్గర కూడా మీకు ఓటెయ్యరు. అందుకే ప్రసంగం పూర్తి పాఠం చదవండి. పది నిమిషాల పని. వాట్సాప్‌లో వచ్చిన ముక్కతో మీటింగుకి వస్తే పూర్తి పాఠం చదివినవాళ్లు మిమ్మల్ని లేచిన చోటే కూర్చోబెడతారు.

ఎవరి చేతిలో ఏముందో చూసుకోండి

ఇండియా రాజకీయాలకి అలవాటు పడినవాళ్లకి ఇక్కడే తికమక. మన దగ్గర 1985 నుంచి ఫిరాయింపుల నిరోధక చట్టం ఉంది. విప్‌ని ధిక్కరించి ఓటేసిన ఎంపీ మీద పార్టీ ఫిర్యాదు చేస్తే సభ్యత్వమే పోవచ్చు. బ్రిటన్‌లో అలా లేదు. ఇక్కడ ఎంపీ సొంత పార్టీకి ఎదురు ఓటేసినా సీటుకి ఢోకా లేదు. మరీ కోపమొస్తే పార్టీ విప్ తీసేస్తుంది, అంటే పార్లమెంటులో తమ ఎంపీగా లెక్కెయ్యడం మానేస్తుంది, అప్పుడాయన స్వతంత్రుడిగా అదే సీట్లో కూర్చుంటాడు. కాబట్టి "మీరేం చెయ్యగలరు, విప్ ఉంది కదా" అని మీ ఎంపీని వదిలెయ్యకండి. చెయ్యగలరు.

అయితే ముందు వరుసకీ వెనక వరుసకీ తేడా ఉంది. షాడో మంత్రి హోదాలో, అంటే ప్రతిపక్షం తరఫున ఒక్కో శాఖ చూసే ముందు వరుసలో ఉన్నవాళ్లు పార్టీ వైఖరికి కట్టుబడాలి, లేదంటే పదవి వదులుకోవాలి. 2023 నవంబరు 15న ఇదే జరిగింది. పార్లమెంటు సమావేశాలు మొదలుపెడుతూ రాజు చేసే ప్రసంగం మీద చర్చలో, వెంటనే కాల్పుల విరమణ కోరుతూ స్కాటిష్ నేషనల్ పార్టీ (ఎస్‌ఎన్‌పీ) సవరణ పెట్టింది. లేబర్ నాయకత్వం దానికి ఓటెయ్యొద్దు, తటస్థంగా ఉండండి అంది. ఎక్కువ కాలం మానవతా విరామాలు కోరుతూ సొంత సవరణ ఒకటి పెట్టుకుంది. అయినా 56 మంది లేబర్ ఎంపీలు, అంటే పావు వంతుకు పైగా, ఎస్‌ఎన్‌పీ సవరణకే ఓటేశారు. 125 కి 293 తో సవరణ ఓడిపోయింది. జెస్ ఫిలిప్స్, యాస్మిన్ ఖురేషీ, అఫ్జల్ ఖాన్, నాజ్ షాలతో కలిపి 8 మంది షాడో మంత్రులు, ఇద్దరు పార్లమెంటరీ సహాయకులు పదవులు వదులుకున్నారు. వెనక వరుసలోంచి అదే ఓటేసినవాళ్లకి ఏమీ కాలేదు.

దీంట్లో మనకి కావలసిన పాఠం, ఒత్తిడి పెట్టేముందు మీ ఎంపీ ఏ వరుసలో కూర్చుంటారో చూడటం. వెనక వరుస ఎంపీని ఓటు అడగండి. ముందు వరుసలో ఉన్నవాళ్లని ఓటు అడగడమంటే రాజీనామా అడగడమే. అది మీకు నిజంగా కావాలా? చాలాసార్లు లోపల కూర్చుని వాదించే మనిషి ఒకరు ఉండటమే మేలు. వాళ్లని ఓటుకి బదులు, షాడో కేబినెట్‌కి మీ శాఖ అభిప్రాయం రాతపూర్వకంగా చేరవెయ్యమని, చేరవేశాక మీకు చెప్పమని అడగండి.

కౌన్సిలర్ల సంగతి వేరు. వాళ్ల చేతిలో విదేశాంగ విధానం ఏమీ లేదు, కానీ వాళ్లు లేనిదే ఇంటింటి ప్రచారం లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో కౌన్సిలర్లు బయటికి వెళ్లిపోవడంతో అక్టోబరులోనే లేబర్ మెజారిటీ పోయింది. బర్న్‌లీలో నవంబరు మొదట్లో కౌన్సిల్ నాయకుడితో సహా 11 మంది పార్టీ వదిలేశారు. ఆ వార్తలు వచ్చాక మా దగ్గర అంతకుముందు ఫోనెత్తనివాళ్లు ఫోనెత్తడం మొదలుపెట్టారు.

తీర్మానం రాయడం

ఇది కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే జనం తేలిగ్గా తీసుకునేది దీన్నే.

శాఖ మీటింగులో ఆవేశంగా మాట్లాడి ఇంటికెళ్లిపోతే మిగిలేది మినిట్స్‌లో ఒక్క వాక్యం: "గాజాపై చర్చ జరిగింది." నేనే రాస్తాను కాబట్టి నాకు తెలుసు. తీర్మానం పెడితే అది కాగితం. నియోజకవర్గ పార్టీకి వెళుతుంది, ఎంపీకి వెళుతుంది, ఫైల్లో ఉంటుంది, రెండేళ్ల తర్వాత కూడా ఎవరైనా తీసి చూపించొచ్చు.

మొదట మీ శాఖ నిబంధనల కాపీ అడిగి తీసుకోండి. ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, ఎన్ని పదాలు మించకూడదు, కోరం ఎంత, అత్యవసర తీర్మానం అంటే ఏమిటి అన్నవి అందులో ఉంటాయి. సెక్రటరీ ఇవ్వనంటే అనుమానించండి. గడువు దాటిన తీర్మానాన్ని పక్కన పెట్టడానికి ఛైర్‌కి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సగం గొంతులు నొక్కుకుపోయేది ఇలా గడువు దగ్గరే. దాని వెనక కుట్ర ఉండక్కర్లేదు, క్యాలెండర్ చాలు.

తర్వాత, ఈ విషయం చర్చకి అర్హమేనా అన్నది తేల్చుకోండి. పార్టీ కేంద్ర కార్యాలయం కొన్ని విషయాలు శాఖల పరిధిలోకి రావని ప్రకటించగలదు. 2020 నవంబరులో పార్టీ మాజీ నాయకుడు జెరెమీ కోర్బిన్ సస్పెన్షన్ మీద తీర్మానాలు చర్చించకూడదని అప్పటి ప్రధాన కార్యదర్శి డేవిడ్ ఎవాన్స్ శాఖలకి రాశారు. కాదని చర్చించిన కొన్నిచోట్ల ఛైర్‌లే సస్పెండయ్యారు. వ్యక్తుల మీద, క్రమశిక్షణ కేసుల మీద పెట్టే తీర్మానాలకి ఈ గతి పట్టే అవకాశం ఎక్కువ. విధానం మీద పెట్టేవి నిలబడతాయి. అందుకే "నాయకుడు దిగిపోవాలి" అన్న వాక్యాన్ని నేను ఎప్పుడూ కొట్టేయమంటాను. నాయకుడు ఎలాగూ మా శాఖ మాట విని దిగిపోడు. ఆ ఒక్క వాక్యం సాకుగా మిగతా కాగితమంతా చెత్తబుట్టలోకి పోతుంది.

ఇక రాత. పద్ధతి ప్రకారం మూడు భాగాలుంటాయి: జరిగినవి, మన అభిప్రాయం, మన నిర్ణయం. జరిగినవాటిలో ఎవరూ కాదనలేనివే రాయండి. అక్టోబరు 7 మృతులు, బందీలు అక్కడ ఉండాలి. గాజాలో మృతులు, నీళ్లు, ఆసుపత్రులు అక్కడే ఉండాలి. ఒకటి రాసి రెండోది వదిలేస్తే ఓట్లకంటే ముందు స్నేహాలు పోతాయి. మా హాల్లో ఒక వరుసలో, టెల్ అవీవ్‌లో అక్కచెల్లెళ్లున్న ఒక పెద్దాయన కూర్చునేవారు. వెనక తలుపు దగ్గర ఖాన్ యూనిస్‌లో మేనమామ కుటుంబమున్న ఒక నర్సు కూర్చునేది. ఫోను బల్ల మీద వెల్లకిలా పెట్టుకుని, మధ్యమధ్యలో దాన్నే చూస్తూ. వాళ్లిద్దరూ వినేలా చదవగలిగిన వాక్యమే కాగితం మీద ఉండాలి అన్నది నేను పెట్టుకున్న కొలత. ఆ కొలతకి తూగని వాక్యాలు నేను రాసినవాటిలో కూడా ఉండేవి, చదివి వినిపించినప్పుడే తెలిసేది. అందుకని ముందురోజు ఎవరికైనా గట్టిగా చదివి వినిపించండి.

అభిప్రాయం భాగం పొట్టిగా ఉండాలి. ఈ గొడవ మొత్తం తిరిగిందే విరామమా, విరమణా అన్న దాని చుట్టూ. విరామమంటే సాయం పంపడానికి కాసేపు ఆపి మళ్లీ మొదలుపెట్టడం, విరమణంటే ఆపెయ్యడం. మీకేది కావాలో ఒక్కటే రాయండి. కర్ర విరక్కుండా పాము చావకుండా రెండూ కలిపిన వాక్యం మీద ఇరుపక్షాలూ చేతులెత్తుతాయి, మరుసటి రోజు ఎవరికి నచ్చిన అర్థం వాళ్లు చెప్పుకుంటారు. జాత్యహంకారం మీద నిబంధనలు కూడా దగ్గర పెట్టుకోండి. యూదు వ్యతిరేకతకి ఐహెచ్‌ఆర్‌ఏ (అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మారక కూటమి) ఇచ్చిన నిర్వచనాన్ని, దాని ఉదాహరణలతో సహా, పార్టీ కార్యవర్గం 2018 సెప్టెంబరులో ఆమోదించింది. దానితో మీకు పేచీ ఉన్నా సరే, మీ కాగితాన్ని పరీక్షించేది దానితోనే. ఒక ప్రభుత్వం చేసిన పనిని విమర్శించండి, జనాన్ని కాదు. ఇది నిబంధన లేకపోయినా పాటించాల్సిన సంగతే.

నిర్ణయం భాగంలో, మీ ఎంపీ చెయ్యగల పని మాత్రమే అడగండి. "యుద్ధం ఆగాలి" అని ఒక శాఖ నిర్ణయించలేదు. "ఫలానా ఓటింగులో ఇలా ఓటెయ్యమని ఎంపీని కోరుతున్నాం, నెలలోగా జవాబు రాయమని అడుగుతున్నాం" అని నిర్ణయించగలదు. నెల తిరిగాక జవాబు రాకపోతే, రాలేదని తర్వాతి మీటింగు మినిట్స్‌లో పెట్టించండి. అలా రెండుసార్లు పెట్టిస్తే మూడోసారి ఎంపీ ఆఫీసు నుంచి మనిషే వస్తాడు.

తీర్మానం పెట్టేవాళ్లు, బలపరిచేవాళ్లు ఒకే గుంపు మనుషులు కాకుండా చూసుకోండి. నాయకుడికి ఎప్పుడూ ఓటేసే మనిషి ఎవరైనా మీ తీర్మానాన్ని బలపరిస్తే ఇరవై ఉపన్యాసాల పెట్టు. ఆ మనిషి కోసం ఒక వాక్యం తగ్గించుకోవాల్సి వస్తే తగ్గించుకోండి.

మీటింగు రోజు సంగతి క్లుప్తంగా. ఒక్కొక్కరికి రెండు నిమిషాలని ముందే పెట్టించండి. అటొకరు ఇటొకరు మాట్లాడేలా ఛైర్‌ని అడగండి. సవరణలు రాతలోనే ఇవ్వాలని పట్టుబట్టండి. ఓట్లు చేతులెత్తి కాకుండా స్లిప్పుల మీద వేయిస్తే భయపడేవాళ్లు కూడా వేస్తారు. టీ మాత్రం చర్చకి ముందే ఇచ్చెయ్యండి. తర్వాత ఇద్దామంటే ఎవరూ తాగరు, మొహాలు తిప్పుకుని వెళ్లిపోతారు.

పార్లమెంటులో జరిగేది చదవడం

మీ ఎంపీ ఎలా ఓటేశారో తెలుసుకోవడం సులువు. ఎవరు ఎటు ఓటేశారో చెప్పే డివిజన్ జాబితాలు పార్లమెంటు అధికారిక రికార్డు హాన్సార్డ్‌లో అందరికీ అందుబాటులో ఉంటాయి. కానీ అందులో రెండు గుంటలున్నాయి. తటస్థంగా ఉన్నవాళ్లకీ ఒంట్లో బాగోక రానివాళ్లకీ జాబితాలో తేడా కనపడదు, రెండూ ఖాళీయే. ఎందుకు లేరో అడిగి తెలుసుకున్నాకే తిట్టండి. రెండో గుంట ఇంకా లోతు. అసలు ఓటింగే జరగకపోతే జాబితా ఉండదు.

2024 ఫిబ్రవరి 21 చూడండి. అది ఎస్‌ఎన్‌పీకి కేటాయించిన ప్రతిపక్ష దినం, అంటే ఏం చర్చించాలో వాళ్లే ఎంచుకునే రోజు. వెంటనే కాల్పుల విరమణ కోరుతూ, పాలస్తీనా ప్రజలకి సామూహిక శిక్ష వేస్తున్నారన్న మాటతో వాళ్లు తీర్మానం తెచ్చారు. ఆ మాట వల్ల లేబర్ నాయకత్వం దానికి ఓటెయ్యడానికి సిద్ధపడలేదు. ఓటెయ్యకపోతే నవంబరుకంటే పెద్ద తిరుగుబాటు ఎదురయ్యే పరిస్థితి. మధ్యేమార్గంగా, తక్షణ మానవతా కాల్పుల విరమణ కోరుతూనే, హమాస్ హింస కొనసాగిస్తుంటే ఇజ్రాయెల్ ఒక్కటే ఆపుతుందని అనుకోలేమన్న మాట కలిపి లేబర్ తన సవరణ రాసుకుంది. మామూలుగా అలాంటి రోజున ప్రభుత్వ సవరణని మాత్రమే తీసుకుంటారు. స్పీకర్ లిండ్సే హోయల్ ఆనవాయితీ తప్పించి లేబర్ సవరణని కూడా తీసుకున్నారు. ఇది ఆనవాయితీకి విరుద్ధమని సభ నియమాలు చూసే పెద్ద అధికారి (క్లర్క్) ముందే రాతపూర్వకంగా హెచ్చరించారు. ప్రభుత్వం ఆ వ్యవహారం నుంచి తప్పుకుంది, ఎస్‌ఎన్‌పీ సభ్యులు, కొందరు కన్జర్వేటివ్‌లు వాకౌట్ చేశారు, లేబర్ సవరణ ఓటింగు లేకుండానే నెగ్గింది. ఎంపీల భద్రత గురించి ఆలోచించే అలా చేశానని చెప్పి స్పీకర్ క్షమాపణ కోరారు.

ఫలితం ఏమిటంటే, నవంబరులో కాల్పుల విరమణ వద్దన్న నాయకత్వం మూడు నెలలకి అదే మాటని తన కాగితం మీద రాసుకుంది. తిరుగుబాటు పని చేసిందనే నేనంటాను. కానీ ఆ రాత్రి ఎవరు ఎటు నిలబడ్డారో ఒక్క పేరు కూడా రికార్డులో లేదు. నాయకత్వానికి కావలసిందీ అదే. ఇలాంటి రోజు వస్తే ఎంపీకి ఉత్తరం ఇలా రాయండి: "ఓటింగు జరిగి ఉంటే ఎస్‌ఎన్‌పీ తీర్మానానికి మీరు ఎలా ఓటేసేవారు?" రాతలో వచ్చిన జవాబే మీకు జాబితా.

ఉండటమా, పోవడమా

రాజీనామా ఒక్కసారే వాడగల చీటీ. ఎప్పుడు వాడతారన్నది ఎందుకు వాడతారన్నదానికంటే ముఖ్యమని ఇరాక్ చూపించింది. 2003 మార్చి 17న, ఇరాక్ యుద్ధం మీద ఓటింగుకి ముందురోజు, రాబిన్ కుక్ లేబర్ ప్రధాని టోనీ బ్లెయిర్ కేబినెట్ నుంచి తప్పుకుని సభలో మాట్లాడారు. చప్పట్లు కొట్టే ఆచారం లేని సభలో చప్పట్లు మోగాయి. మరునాడు 139 మంది లేబర్ ఎంపీలు యుద్ధానికి ఎదురు సవరణకి ఓటేశారు. యుద్ధం ఆగలేదు, ప్రధాన తీర్మానం 412 కి 149 తో నెగ్గింది. కానీ కుక్ పార్టీలోనే వెనక వరుసలో ఉన్నారు, చివరిదాకా ఆయన మాటకి విలువ ఉంది. అదే కేబినెట్‌లో మంత్రి క్లేర్ షార్ట్ అదే నెలలో రేడియోలో బ్లెయిర్‌ది దుందుడుకుతనమని కోపంగా అన్నారు, తప్పుకుంటానన్నారు, తీరా ఓటింగులో ప్రభుత్వంతోనే ఉండి మే 12న రాజీనామా చేశారు. చెప్పిన కారణాలు బలమైనవే. వినడానికే ఎవరూ లేకపోయారు.

పదవి వదులుకుంటే అంతా అయిపోయిందనీ అనుకోకండి. నవంబరులో తప్పుకున్న జెస్ ఫిలిప్స్ 2024 జులైలో హోం శాఖలో మంత్రి అయ్యారు. అదే రాత్రి తప్పుకున్న ఆండీ స్లాటర్, సారా ఓవెన్ ఇద్దరూ ఆ ఏడాదే పార్లమెంటు కమిటీలకి అధ్యక్షులయ్యారు.

పార్టీ చీలిపోయేదాకా వెళితే ఎలా ఉంటుందో మా తెనాలివాళ్లకి చెప్పక్కర్లేదు. 1962 అక్టోబరు 20న చైనా దాడి చేశాక, నవంబరు 1న కమ్యూనిస్టు పార్టీ జాతీయ సమితి చైనాని ఖండిస్తూ తీర్మానం చేసింది. ఒప్పుకోని సుందరయ్యగారు, జ్యోతి బసు, సుర్జీత్ కార్యదర్శి వర్గం నుంచి తప్పుకున్నారు. అదే నెలలో వాళ్ల పక్షంవాళ్లు చాలామంది జైళ్లకి వెళ్లారు. కాంగ్రెస్‌తో ఎలా ఉండాలన్న పాత తగాదా అప్పటికే రగులుతోంది, యుద్ధం దాని మీద కిరసనాయిలు పోసింది. 1964 ఏప్రిల్ 11న 32 మంది జాతీయ సమితి నుంచి బయటికొచ్చారు. జులైలో తెనాలిలో సదస్సు జరిగింది, ఏడాది చివరికల్లా రెండు పార్టీలు. చిత్రమేమిటంటే రెంటికీ ప్రధాన కార్యదర్శులు తెలుగువాళ్లే, అటు పుచ్చలపల్లి సుందరయ్య, ఇటు చండ్ర రాజేశ్వరరావు. మా తాతయ్య తెనాలి సదస్సుకి వంటల దగ్గర పనిచేశాడు. ఆయన తమ్ముడు పాత పార్టీలోనే ఉండిపోయాడు. నాకు ఊహ తెలిసేసరికి ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చునేవాళ్లు, చిన్నతాత చేతిలో విశాలాంధ్ర, తాతయ్య చేతిలో ప్రజాశక్తి. పేపరు మాత్రం మార్చుకునేవాళ్లు కాదు.

వాళ్ల గొడవలో నాకు అర్థమైన పద్ధతి ఒకటుంది. చీలిక ముందు పెద్ద సమితిలో తీర్మానం, దాని మీద రాజీనామా, తర్వాత వాకౌట్, తర్వాత విడి సదస్సు, అన్నీ వరసగా, కాగితం మీద జరిగాయి. మీరు పోదలుచుకున్నా అలాగే వెళ్లండి: ఏ తీర్మానం ఓడిపోయాక, ఏ తేదీన, ఎందుకు అన్నది రాసి, కాపీ ఉంచుకుని. కోపంలో సభ్యత్వ చందా బ్యాంకు నుంచి కట్టే డైరెక్ట్ డెబిట్ ఆపేస్తే ఎవరికీ తెలియదు. లెక్కల్లో అది బకాయి పడిన సభ్యత్వమే.

ఎన్నికలప్పుడు

లోపల ఎంత పోట్లాడినా పార్టీ తట్టుకుంటుంది. బయట ఎదుటి అభ్యర్థికి పని చేస్తే తట్టుకోదు. రూల్ బుక్ ప్రకారం మరో పార్టీ అభ్యర్థిని బహిరంగంగా సమర్థించినవాళ్ల సభ్యత్వం దానంతటదే పోతుంది. 2019లో యూరప్ ఎన్నికల్లో లిబరల్ డెమొక్రాట్లకి ఓటేశానని టీవీలో చెప్పినందుకు, బ్లెయిర్ దగ్గర పనిచేసిన అలిస్టర్ కాంప్‌బెల్‌నే పంపించేశారు. స్వతంత్ర అభ్యర్థి పోస్టు నచ్చి షేర్ చేశానంటే సరిపోదు, స్క్రీన్‌షాట్ తీసేవాళ్లు మీ గ్రూపులోనే ఉంటారు. ఓటు రహస్యం, అది మీ ఇష్టం. పోస్టు రహస్యం కాదు.

ప్రచారానికి వెళ్లడం ఇష్టం లేకపోతే వెళ్లనని ముందే చెప్పండి. వెళ్లాలనుకుంటే మాత్రం గుమ్మంలో అబద్ధం ఆడకండి. 2024లో మేం తలుపు తట్టిన ఇళ్లలో చాలాచోట్ల మొదటి మాటే గాజా. నేను రెండు వాక్యాలే చెప్పేదాన్ని: "ఈ విషయంలో నేనూ నా పార్టీతో ఏకీభవించను. శాఖలో తీర్మానం పెట్టాం, కాపీ ఇదిగో." కొందరు తలుపు వేసేవాళ్లు. కొందరు కాపీ తీసుకుని చదివేవాళ్లు. మడతపెట్టి జేబులో పెట్టుకున్న ఆ కాగితం కరపత్రాలన్నిటికంటే బాగా పనిచేసింది.

జులై 4న లేబర్ 411 సీట్లు గెలిచింది. కానీ లెస్టర్ సౌత్‌లో షాడో కేబినెట్ సభ్యుడు జొనాథన్ ఆష్‌వర్త్ 979 ఓట్లతో స్వతంత్రుడి చేతిలో ఓడిపోయారు. బ్లాక్‌బర్న్, డ్యూస్‌బరీ అండ్ బ్యాట్లీ, బర్మింగ్‌హామ్ పెరీ బార్ సీట్లు కూడా స్వతంత్రులకే పోయాయి. మా పక్కనే ఇల్‌ఫర్డ్ నార్త్‌లో షాడో ఆరోగ్య మంత్రి వెస్ స్ట్రీటింగ్ 528 ఓట్లతో గట్టెక్కారు. రాజీనామా చేసిన జెస్ ఫిలిప్స్‌కి కూడా మిగిలింది 693 ఓట్ల మెజారిటీయే. ఈ అంకెలు నాయకత్వాన్ని అడగడానికి కావాలి, రాసిపెట్టుకోండి. "విదేశాల గొడవకి ఇక్కడ ఓట్లు పోవు" అని చెప్పే మనిషి ప్రతి మీటింగులోనూ ఒకరుంటారు.

గెలిచాక పని ఇంకా నెమ్మది. 2024 సెప్టెంబరు 2న ఇజ్రాయెల్‌కి ఆయుధాల ఎగుమతి లైసెన్సులు సుమారు 350 లో 30 ఆపారు. 2025 సెప్టెంబరు 21న పాలస్తీనాని దేశంగా గుర్తించారు. అదే నెలాఖరున లివర్‌పూల్ మహాసభలో, గాజాలో జరుగుతున్నది జాతి నిర్మూలన అన్న ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం నిర్ధారణని అంగీకరిస్తూ ప్రతినిధులు తీర్మానం నెగ్గించారు. మహాసభ తీర్మానానికి ప్రభుత్వం కట్టుబడాలని లేదు, అందుకని దాన్ని తీసిపారేసేవాళ్లున్నారు. నేను తీసిపారెయ్యను. ఆ హాల్లో చెయ్యెత్తిన ప్రతి స్థానిక ప్రతినిధినీ ఏదో ఒక నియోజకవర్గ పార్టీ ఎన్నుకుని పంపింది. ఆ ఎన్నిక మహాసభకి నెలల ముందు, అజెండాలో ఎక్కడో చివర్న, సగం జనం కోట్లు తొడుక్కుంటుండగా జరుగుతుంది. తరచూ పోటీయే ఉండదు. ఈసారి ఆ మీటింగు ఎప్పుడో మీ సెక్రటరీని అడిగి తేదీ రాసుకోండి, మీ పేరు ఇవ్వండి, ఇచ్చినట్టు ఈమెయిల్‌లో రసీదు తీసుకోండి.